పుస్తకంలో లేని ముసలమ్మ

జనవరి 9, గురువారం

రేపటి నుంచి బడికి సెలవులు. వీరభద్ర సార్ బీరువా తెరిచి ఒక ఇంగ్లీషు నవల, అట్ట ఊడిపోయిన నిఘంటువు నా చేతిలో పెట్టాడు. తొమ్మిదో తరగతిలో ఇంకెవరికీ ఇవ్వలేదు. "తెలియని మాట వస్తే దాటి పోవద్దు నిస్సీ. అర్థం చూడు. ఆ మాటతో మీ ఇంటి గురించి ఒక వాక్యం రాయి. పుస్తకంలో వాక్యాన్నే ఎత్తి రాస్తే ఆ మాట నీది కాదు" అన్నాడు.

నవలలో మారిట్ అనే అమ్మాయి. నా ఈడుదే. పడవ పగిలి, చలి సముద్రంలో మనుషులు లేని దీవికి కొట్టుకొస్తుంది. అక్కడ చెట్టు లేదు. రాళ్ళు, పక్షులు, గాలి. పుస్తకంలో అక్కడక్కడా నల్ల గీతల బొమ్మలు ఉన్నాయి.

మొదటి పేజీలోనే ఒక మాట దొరికింది. బ్యారెన్: ఏమీ పండని, బీడు పడిన. వాక్యం: మా ఊరి చుట్టూ నేల బ్యారెన్, మా అవ్వ నోరు మాత్రం ఏడాది పొడుగునా పండుతుంది.

ఈ వాక్యం సార్‌కి చూపించను.

జనవరి 11, శనివారం

స్కార్స్: అరుదైన, సులభంగా దొరకని. మా ఇంట్లో మంచిమాట స్కార్స్.

ఇంట్లో ఇప్పుడు ఉండేది ఇద్దరమే. నేను, మా నాన్న వాళ్ళమ్మ విశ్వాసమ్మ. నాన్న ఎర్రగుంట్లలో సిమెంటు బస్తాలు ఎత్తుతాడు. అమ్మ, తమ్ముడు లేవి కొత్త సంవత్సరం ప్రార్థన అయిన మర్నాడే సుగ్గికి, అంటే కోతల వలసకు, లారీ ఎక్కి గుంటూరు వైపు మిరపకాయల కోతకు పోయారు. వాళ్ళతో సగం ఊరు పోయింది. ప్రతి ఏడూ పోతుంది. అవ్వ కూడా పోయేది. కంటి ఆపరేషన్ అయ్యాక మానేసింది. మిరప ఘాటు తగిలితే చూపు పోతుందని కర్నూలు డాక్టరు చెప్పాడు. అప్పటి నుంచి ఆమె కోపానికి కోయడానికి కాయలు లేవు, నేనున్నాను.

"ఏం మే, పొద్దున్నుంచి ఆ పుస్తకం కడుపు కింద పెట్టుకోని కూర్చోనుండావు. పొదుగుతాండావా?"

"చదువుతాండానవ్వా."

"సదువు, సదువు. మన బిందె కూడా సదువుకుంటాదేమో అడుగు. కొళాయి కాడ ఒక్కతే కూర్చోనుండాది."

పోయేసరికి నీళ్ళు ఆగిపోయాయి. దానికీ నన్నే తిట్టింది.

జనవరి 12, ఆదివారం

చర్చి నుంచి వస్తుంటే అమ్మ ఫోన్ చేసింది. అమ్మకు జోడుగా పోయిన మార్తమ్మ, కూతురి కాన్పుకని ఇంటికి వచ్చేస్తోందట. మిరప సాలుకు అటొకరు, ఇటొకరు నిలబడి కోయాలి. జోడు లేని మనిషికి మేస్త్రి సాలు ఇవ్వడు. కళ్ళంలో ఊడ్చే పని ఇస్తాడు, సగం కూలి.

అవ్వ ఫోన్ తీసుకుని, "జెండా పండగైనాక రెండో లారీ పోతాది. నిస్సీని ఎక్కిస్తా" అంది. తడిగుడ్డ ఆరేసినంత తేలిగ్గా అంది. నా వైపు చూడలేదు.

పోయిన ఏడు మా పక్కింటి సలోమి అట్లాగే మధ్యలో లారీ ఎక్కింది. పరీక్షలయ్యాక తిరిగొచ్చింది. మళ్ళీ బడి గేటు దాటలేదు. ఈ ఏడు మొదటి లారీకే పోయింది.

హోస్టైల్: శత్రుభావం గల. నేలకు, వాతావరణానికి, మనిషికి వాడవచ్చు. వాక్యం అక్కర్లేదు.

జనవరి 13, సోమవారం

సుగ్గికి పోయినవాళ్ళ పిల్లల కోసం బడిలో హాస్టల్ తెరిచారు. సెలవుల్లో కూడా నడుస్తోంది. అక్కడ ఉంటానని చెప్పాను.

"నేను బతికుండంగ బడి రూములో పండుకుంటావా? ఊరోళ్ళు నన్నేమంటారే?"

"నన్ను లారీ ఎక్కిస్తే ఏమనరా?"

"ఏమంటారు? అమ్మకు ఆసరాగా పోయిందంటారు. మీ అమ్మ నిన్ను కనేప్పుడు పరీక్షలుండాయని ఆపుకునిందా?"

నిఘంటువు తీసుకుని అరుగు మీదికి పోయాను.

జనవరి 14, మంగళవారం

చీకటి పడగానే కరెంటు పోయింది. టీవీ లేదు కాబట్టి అవ్వకు నేను కనిపించాను. అరుగు మీద కందులు చెరుగుతూ, "ఆ పుస్తకంలో ఏముండాదో చెప్పు" అంది.

మారిట్ పడవ పగలడం, రాళ్ళ మధ్య దూరి పడుకోవడం, పక్షి గుడ్లు పచ్చివే తాగడం తెలుగులో చెప్పుకుంటూ పోయాను. షెల్టర్ అంటే తలదాచుకునే చోటు అని కూడా చెప్పాను. చుట్టూ సముద్రం ఉన్నా మారిట్ దాహంతో ఏడ్చే దగ్గర అవ్వ చేట ఆపింది.

"ఇన్ని నీళ్ళుండి తాగనీకి సుక్క లేకుంటే ఆ పిల్ల మన ఊర్లోనే ఉండొచ్చు గదే. పడవ ఖర్చన్నా మిగిల్యాది."

నాకు నవ్వొచ్చింది. ఆపుకున్నాను. ఇప్పుడు నవ్వితే ఓడిపోయినట్టే.

జనవరి 15, బుధవారం

నేను అబద్ధం చెప్పడం లేదు. అనువాదం చేస్తున్నాను. అనువాదంలో కొంత స్వేచ్ఛ ఉంటుందని సార్ ఒకసారి అన్నాడు.

ఈరోజు కథలోకి ఒక ముసలమ్మ వచ్చింది. మారిట్ వాళ్ళ అవ్వ. పేరు గ్రేస్. మారిట్‌కు చదువంటే ప్రాణం. గ్రేస్ వినకుండా బడి మాన్పించి, చేపల పనికని ఆ పడవ ఎక్కించింది. ఆ పడవే పగిలింది.

ఇంగ్లీషులో చదువుతున్నట్టు వేలు గీతల మీద నడిపిస్తూ చెప్పాను. అవ్వ కందులు చెరుగుతూనే ఉంది. చేట చప్పుడు మాత్రం నెమ్మదించింది.

జనవరి 16, గురువారం

గ్రేస్ రోజూ ఒడ్డుకు వచ్చి నిలబడుతోంది. నేనే తీసుకొస్తున్నాను. అవ్వ ఈరోజు తిట్టలేదు. బిందె కూడా తానే మోసింది. మాటలకు బలం ఉంది.

జనవరి 17, శుక్రవారం

ఒడ్డున నిలబడి ఏడ్చి ఏడ్చి ముసలమ్మకు రెండు కళ్ళూ పోయాయని చెప్పాను.

అవ్వ చేట కింద పెట్టింది. లేచి లోపలికి పోయి, ఆపరేషన్ అప్పుడు ఇచ్చిన నల్ల కళ్ళద్దాలు మేకు నుంచి తీసి, కొంగుతో తుడిచి, మళ్ళీ మేకుకే తగిలించింది. పొయ్యి వెలిగించింది.

రాత్రి అన్నం సయించలేదు. జ్వరం వచ్చేటట్టుంది.

జనవరి 19, ఆదివారం

జ్వరం రాలేదు.

చర్చి నుంచి వచ్చాక అవ్వ ఏమీ ఎరగనట్టు అడిగింది. "ఆ పుస్తకంలో ముసల్దాని పేరేమంటివి?"

"మేరీ."

"మొన్న గ్రేస్ అంటివి."

"మేరీ గ్రేస్. వాళ్ళకు రెండు పేర్లుంటాయి."

"ఉంటాయి, ఉంటాయి. పుస్తకం ఇట్ల తే."

ఒళ్ళో పెట్టుకుని మొదటి నుంచి తిప్పింది. బొమ్మ వచ్చిన ప్రతి చోటా బొటనవేలు పెట్టి ఆగింది. అమ్మాయి. పక్షి. రాళ్ళు. అమ్మాయి. విరిగిన పడవ. మళ్ళీ అమ్మాయి.

"నాకు అక్షరాలు రావు. బొమ్మలొస్తాయి. ముసల్ది యాడుండాదే?"

"ఆమె బొమ్మ వేయలేదు."

"పిట్టకు ఈకలు గూడా ఏసినాడు. ముసల్దాని కాడికి వచ్చేసరికి సిరా అయిపోయిందా?"

నేను నిఘంటువు పేజీలు సర్దసాగాను.

"అబద్ధం చెప్పనీకి ఇంగ్లీషేంటికే? తెలుగు సాలదా?" అంది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేది. "నా కండ్లు పోవాలనుంటే చర్చిలో మోకాళ్ళేసి అడుక్కో. నా ఎదురుగ కూర్చోని, నా మొగం సూస్కుంటా చెప్పనీకి నోరెట్ల వచ్చెనే నీకు?"

పుస్తకం నా ఒళ్ళోకి విసిరింది. "లారీకి బట్టలు సర్దుకో."

జనవరి 20, సోమవారం

బడి తెరిచారు. సార్ వాక్యాలు చూపించమన్నాడు. ఇంట్లో మరిచిపోయానన్నాను. నోటుబుక్కు సంచిలోనే ఉంది. నాకు అలవాటవుతోంది.

జనవరి 22, బుధవారం

అవ్వ నాతో మాట్లాడటం లేదు. మా ఇంటి కోడితో మాట్లాడుతోంది.

"ఏమ్మా కోడీ, సదువుకున్నోళ్ళు అంట్లు తోముతారంటావా? తోమరులే. అంట్లకు కూడా ఇంకో కత చెప్తారు."

నేను కూడా కోడితోనే చెప్పాను. "తోముతాండానని చెప్పు."

కోడి మా ఇద్దరి మధ్య నుంచి వెళ్ళిపోయింది.

జనవరి 24, శుక్రవారం

అవ్వ నా మూట మీద ఆముదం సీసా పెట్టింది. కోతకు దిగే ముందు చేతులకు పట్టించాలి, లేకపోతే వేళ్ళు మండి రాత్రంతా నిద్ర పట్టదు. నాన్న పాత పొడుగు చేతుల చొక్కా కూడా మడిచి పెట్టింది.

ఎండ్యూర్: ఓర్చుకొను, సహించు. మూడు వాక్యాలు రాసి మూడూ కొట్టేశాను. అన్నిటిలోనూ అవ్వే వస్తోంది, ఓర్చుకునేది నేనో ఆమెనో తేలడం లేదు.

జనవరి 26, ఆదివారం

పొద్దున బడిలో జెండా ఎగరేశారు. ఊరికి పోతున్నానని, రేపు పుస్తకం ఇచ్చి పోతానని సార్‌తో చెప్పాను. "ఎక్కడికి?" అన్నాడు. "సుగ్గికి" అన్నాను. ఆయన చాక్లెట్లు పంచుతున్నాడు. నా చేతిలో ఒకటి పెట్టి, ఇంకొకటి కూడా పెట్టాడు.

సాయంత్రం అరుగు మీద కూర్చుని నా కోసమే చదువుకుంటున్నాను. రెండు అధ్యాయాలు మిగిలాయి. అవ్వ వచ్చి కాస్త ఎడంగా కూర్చుంది. కోడిని పిలవలేదు.

"చెప్పు. నీది కలపొద్దు."

ఆ అధ్యాయంలో నా పక్షాన ఒక్క ముక్క కూడా లేదు. మారిట్‌ను ఎవరూ పడవ ఎక్కించలేదు. వాళ్ళమ్మ ఒడ్డు మీద నుంచి పేరు పెట్టి పిలుస్తుంటే, వినబడినా వెనక్కి తిరగకుండా తానే ఎక్కింది. వెళ్ళిపోవాలని ఎక్కింది. ఇప్పుడు దీవిలో పొద్దుగూకేటప్పుడు రాయి మీద నిలబడి, వాళ్ళమ్మ గొంతుతో తన పేరు తానే పిలుచుకుంటుంది. గాలి తప్ప ఏదీ పలకదు.

ఇది చెబితే అవ్వ చేతికి కర్ర ఇచ్చినట్టే. గుంటూరులో మీ అమ్మ కూడా నీ కోసం ఒంటరిగా నిలబడింది అంటుంది. ఒక పేజీ దాటేయొచ్చు. అవ్వకు తెలియదు, అందులో బొమ్మ కూడా లేదు.

దాటలేదు. తెలియని మాట వచ్చిన ప్రతి చోటా ఆగి నిఘంటువు చూశాను. అవ్వ ఆగింది. "యర్న్" దగ్గర నిఘంటువు "తపించు" అంది.

"తపించడమంటే?" అంది అవ్వ.

"బాగా కావాలనిపించడం. దూరంగా ఉండే మనుషుల కోసం."

"పేగు లాగేది. ఊఁ, కానీ."

అయిపోయాక అవ్వ అడిగింది. "ఆ పిల్లని ఎవురూ తోసిపెట్టలేదా?"

"లేదవ్వా. తానే ఎక్కింది."

"ముసల్ది?"

"లేదు. ఎక్కడా లేదు."

"ఊఁ" అని లేచి లోపలికి పోయింది. ఒక అధ్యాయం మిగిలింది, రెండు పేజీలే. పొద్దున్నే చదివేసి ఇచ్చేస్తాను.

జనవరి 27, సోమవారం

పొద్దున్నే చదవలేదు. నీళ్ళకు పంపించింది. "పోయేదానివి ఒక బిందె పోసి పో" అంది.

బిందెతో వచ్చేసరికి తలుపుకు తాళం. గడప దగ్గర పెట్టిన నా మూట లేదు. నా బడి సంచి ఒక్కటే అరుగు మీద ఉంది. చర్చి ముందు లారీ హారన్ కొడుతోంది. పరిగెత్తాను.

లారీలో ఆడవాళ్ళ మధ్య, బియ్యం మూటల మీద, మా అవ్వ. చీర మీద నాన్న పొడుగు చేతుల చొక్కా. కళ్ళకు నల్ల కళ్ళద్దాలు. పెళ్ళికి పోతున్నట్టు కాళ్ళు చాపుకుని కూర్చుంది.

"దిగవ్వా. డాక్టరు ఏం చెప్పినాడు?"

"డాక్టరొచ్చి కోస్తాడా మీ అమ్మ పక్కన?"

"నేను పోతా. సర్దుకుంటి గదా."

"నువ్వా? నీకు సాలు ఇస్తే మీ అమ్మ నీ పక్క కూడా తానే కోయాల. నువ్వు కొమ్మకొక కత చెప్పుకుంటా నిలబడుకుంటావు."

లారీలో అందరూ నవ్వారు. మార్తమ్మ వాళ్ళ ఆడబిడ్డ, "ఏం మే పిన్నీ, మనవరాలి మీద అంత ప్రేమా?" అంది.

"ప్రేమా? దాని నోరు వినలేక పోతాండా. ఎండ నయం." నా వైపు తిరిగి, "హాస్టలు సారుతో చెప్పినా. తాళంచెవి పాస్టరమ్మ కాడ ఉండాది. కోడికి గింజలెయ్. అది నీ కన్నా మేలు, అడిగినదానికే పలుకుతాది" అంది.

లారీ కదిలింది. పోయేవాళ్ళ కోసం పాస్టరయ్య చేసే ప్రార్థన ఇంకా అయిపోలేదు. వెంట నడిచాను, తర్వాత పరిగెత్తాను, తర్వాత ఆగిపోయాను. చేతిలో బిందె ఉన్న సంగతి అప్పుడు చూసుకున్నాను. సగం ఒలికిపోయింది.

హాస్టల్‌లో సంచి తెరిచాను. నిఘంటువు ఉంది. నవల లేదు.

జనవరి 28, మంగళవారం

సార్‌కి నిజం చెప్పాను. పుస్తకం గుంటూరు పోయిందని, చదువు రాని మా అవ్వ ఎత్తుకుపోయిందని. ఇంతకన్నా నా అబద్ధాలే నమ్మేటట్టు ఉండేవి.

సార్ నా ముఖం చూశాడు. "వాక్యాలు రాసినావా?" అన్నాడు. నోటుబుక్కు ఇచ్చాను. బ్యారెన్ దగ్గర నవ్వాడు. స్కార్స్ దగ్గర నవ్వలేదు. ఎండ్యూర్ దగ్గర కొట్టేసిన మూడు వాక్యాలూ చదివి, "వీటిని ఎందుకు కొట్టేసినావు? ఇవే బాగుండాయి" అన్నాడు.

జనవరి 30, గురువారం

స్ట్రాండెడ్: కదలలేని స్థితిలో చిక్కుకున్న. హాస్టల్ అంటే ఐదో తరగతి గది. బెంచీలు గోడకు జరిపి చాపలు పరుస్తారు. వంటామె రామసుబ్బమ్మ మంచిది. ఎవరూ తిట్టరు. నిద్ర పట్టదు.

అవ్వ మీద నాకు కోపం తగ్గలేదు. నన్ను అడగకుండా నా మూట తీసుకుపోయింది. నా పుస్తకం దొంగిలించింది. కళ్ళు పోగొట్టుకుని వస్తే జీవితాంతం నన్నే అంటుంది.

కోడికి గింజలు వేసి వచ్చాను.

ఫిబ్రవరి 2, ఆదివారం

మధ్యాహ్నం రామసుబ్బమ్మ ఫోన్‌కు లేవి చేశాడు. అన్నాల వేళ, కళ్ళం పక్కన గుడిసెలో ఉన్నారట. అమ్మ మొదట మాట్లాడింది. సాలు ఇచ్చారట, అవ్వా తానూ జోడట. "మీ అవ్వ చేయి ఆగదు, నోరూ ఆగదు" అని నవ్వింది. అమ్మ నవ్వి చాలా రోజులైంది.

తర్వాత లేవి. "అక్కా, అవ్వ పుస్తకం పట్టుకోని కూర్చోనుండాది. ఆఖరిది సదవమంటాది. నాకు రాదు. అక్షరాలు చెప్తా, నువ్వు కత చెప్పాల."

అవ్వ గొంతు వెనక నుంచి. "స్పీకర్ పెట్టు. ఆఖరిది ఒక్కతే సదువుకుందామనుకునింది. ఉన్నది ఉన్నట్టు చెప్పమను. అక్షరాలు మన కాడుండాయి ఈసారి."

లేవి మూడో తరగతి. ఒక్కో అక్షరం రాయి ఎత్తినట్టు ఎత్తి ఇచ్చాడు. నేను వాటిని పలక మీద పేర్చుకున్నాను. తెలిసిన మాటలకు వెంటనే అర్థం చెప్పాను, తెలియని వాటికి నిఘంటువు తిప్పాను. దూరంగా ఓడ కనబడింది. మారిట్ చేయి ఊపింది. ఓడ దగ్గరికి వచ్చింది. ఎక్కించుకున్నారు. ఇంత జరిగేసరికి రామసుబ్బమ్మ అంట్లన్నీ తోమడం అయిపోయింది. వెనక అవ్వ దగ్గుతూనే ఉంది. దగ్గు ఆగినప్పుడల్లా "ఊఁ" అంటోంది.

మారిట్ వాళ్ళ ఊరి ఒడ్డు వచ్చింది.

"ఓ, ఎల్, డి" అన్నాడు లేవి. "డబ్ల్యు, ఓ, ఎమ్, ఏ, ఎన్."

పలక వైపు చూస్తూ ఉండిపోయాను.

"ఏమక్కా? పెద్ద మాటా?"

"కాదు. ముసలమ్మ." ఫోన్‌ను దగ్గరికి జరుపుకున్నాను. "ఒడ్డు మీద ఒక ముసలమ్మ ఉందవ్వా."

"సూడండి మే," అంది అవ్వ, గుడిసెలో ఎవరితోనో. "మళ్ళా మొదలుపెట్టింది. గుంటూరు దాంకా తెచ్చింది ముసల్దాన్ని."

"నేను తేలేదవ్వా. ఉండాది. లేవిని అడుగు, అక్షరాలు వాడివే."

"ఉండాయవ్వా," అన్నాడు లేవి. "ఓ, ఎల్, డి. నా వేలి కిందనే ఉండాయి."

ఫోన్‌లో గాలి చప్పుడు. అవ్వ పుస్తకం లాక్కున్నట్టుంది, కాగితం చప్పుడైంది. తర్వాత అడిగింది. "ఎవురి అవ్వ ఆమె?"

"ఇంకా తెలియదు."

"కండ్లు కనపడతాండాయా ఆమెకు?"

నిఘంటువు మూసేశాను. "నీ కండ్లెట్లుండాయవ్వా?" అన్నాను.

మళ్ళీ దగ్గింది. "నాకు కండ్లేంటికే," అంది. "సదివేది నువ్వు గదా."

ఎప్పటి విసురే. ఆమెకు ఇంకో గొంతు లేదు.

పలక తుడిచి, "లేవీ, తర్వాతి అక్షరం చెప్పు" అన్నాను.